వెనక డోర్ సొట్ట, వీల్ ఆర్చ్ దగ్గర తుప్పు, బంపర్ గీతలు: ఇవి మనమే చేసుకోవచ్చా?

కొత్త_చెయ్యి:
నమస్తే అండి అందరికీ. కారు పాతది, ఇప్పట్లో అమ్మే ఆలోచన లేదు, అందుకని డెంటింగ్ పెయింటింగ్ పని కొంచెం నేర్చుకుందాం, తేడా వచ్చినా మన బండే కదా అనిపించి అడుగుతున్నా. మూడు చోట్ల దెబ్బలున్నాయి. ఎడమవైపు వెనక డోర్ కింది భాగంలో అరచేయంత సొట్ట, దాని మధ్యలోంచి పొడుగ్గా ఒక గీత, గీత లోపల లేత బూడిద రంగు, ఒకటి రెండు చోట్ల ఇనుమే మెరుస్తోంది. రెండోది, అదే వైపు వీల్ ఆర్చ్ (చక్రం పైన రేకు వంపు) అంచున పెయింట్ బుడగలా ఉబ్బింది, గోటితో గిల్లితే పొర ఊడి లోపల తుప్పు కనిపించింది. మూడోది, వెనక బంపర్ మూల గోడకి రాసుకుని గీతలు పడ్డాయి. కలర్ మెటాలిక్ సిల్వర్.

నా ప్లాన్ ఏంటంటే సొట్టలో పుట్టీ నింపేసి, ఆరాక వాటర్ పేపర్ తో రుద్ది, కలర్ కోడ్ చూసి స్ప్రే క్యాన్ తెచ్చి ఆ ముక్క వరకూ కొట్టేయడం, తుప్పు మీద కూడా అదే పుట్టీ పెట్టేయడం. వీడియోల్లో పది నిమిషాల్లో అయిపోతోంది కానీ ఒకళ్ళు ప్రైమర్ ముందంటారు, ఒకళ్ళు పుట్టీ ముందంటారు, నాకైతే బుర్ర తిరిగిపోయింది. స్ప్రే గన్, కంప్రెసర్ లేవు, కొనను కూడా. షెడ్ ఉంది, తలుపు మూసుకుని కొట్టుకోవచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఇందులో ఏది నా వల్ల కాని పని, ఉన్నదున్నట్టు చెప్పండి.

పుట్టీ_బ్లేడ్:
మీ ప్లాన్ లో పుట్టీకి, కలర్ కి మధ్య ఉండాల్సిన పనంతా ఎగిరిపోయింది బ్రో. ఈ పనిలో ముప్పాతిక వంతు రుద్దుడే, కలర్ కొట్టేది చివర్లో కాసేపు. చాలామంది కలర్ పడితే కవర్ అయిపోద్దిలే అనుకుంటారు, జరిగేది రివర్స్, ప్రైమర్ మీద కనపడని చిన్న ఎత్తుపల్లం కూడా క్లియర్ (కలర్ మీద వేసే రంగులేని మెరుపు పొర) పడి మెరుపు రాగానే దూరం నుంచే తెలిసిపోద్ది.

ముందు గీత ఎంత లోతో చూసుకోవాలి. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటది అంతే, అందులో పైన క్లియర్ ఒక 40, 50 మైక్రాన్లు, దాని కింద కలర్ ఇంకా పల్చన, ఆ కింద ప్రైమర్, అడుగున ఇనుముకి అంటుకుని తుప్పు ఆపే ఈ-కోట్. గీత మీద నీళ్ళు రాస్తే కనపడకుండా పోయిందంటే అది క్లియర్ లోనే ఉన్నట్టు, కాంపౌండ్ (గీతలు అరగదీసే పాలిష్ పేస్ట్) తో పాలిష్ చేస్తే పోద్ది, పేపర్ పట్టుకునే పనే లేదు. గోరు ఆనితే పట్టుకుంటుందంటే కలర్ దాటిపోయి ఉండొచ్చు. మీకు బూడిద రంగు, ఇనుము రెండూ కనపడుతున్నాయంటున్నారు కాబట్టి డోర్ కి మొత్తం ప్రాసెస్ చెయ్యాల్సిందే.

సొట్టని పుట్టీతో నింపేయడం కాదు, ముందు రేకుని వీలైనంత దాని లెవెల్ కి తేవాలి. డోర్ లోపలి ప్యాడ్ విప్పితే వెనక నుంచి చెయ్యి పట్టే చోటు దొరకొచ్చు, గుండ్రటి మొన ఉన్న కర్రతోనో రాడ్ తోనో మెల్లగా నెట్టుకుంటూ రండి, ఒక్క దెబ్బలో బయటికి తెద్దామని చూడొద్దు. సక్షన్ కప్పులు వెడల్పుగా, లోతు తక్కువున్న సొట్టకి పనిచేస్తాయి, మధ్యలో మడత పడిందంటే అవి లాగలేవు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి వెంటనే చల్లటి స్ప్రే కొడితే టక్కున లేస్తుందనే వీడియోలు ఉన్నాయి చూడండి, ఇనుప రేకు మీద దాన్ని నమ్ముకోవద్దు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, రేకు కొంచెం లోపలికి ఉన్నా పర్లేదు గానీ బయటికి పొడుచుకు రాకూడదు. లోపలికి ఉంటే పుట్టీ ఉంది, బయటికి వస్తే దాన్ని రుద్ది దించలేం, మళ్ళీ సుత్తి పట్టాలి. అంతా అయ్యాక పుట్టీ మందం 3 మిల్లీమీటర్ల లోపే ఉండేలా చూసుకోండి. అంతకంటే మందంగా పెడితే పగులుద్ది, లేదా అంచులు కుంగి కొన్నాళ్ళకి గీతలా బయటపడుద్ది.

పేపర్ పట్టే ముందే ఆ భాగాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక గ్రీజు, వ్యాక్స్ తీసే లిక్విడ్ తో తుడవండి. రుద్దాక తుడుద్దాంలే అనుకుంటే పాత వ్యాక్స్ అంతా పేపర్ గీతల్లోకి దిగి కూర్చుంటది. తర్వాత 80 నంబర్ పేపర్ తో (నంబర్ తక్కువైతే గరుకు, పెరిగేకొద్దీ నున్నన) సొట్ట కంటే నాలుగువైపులా ఒక 5 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా ఇనుము కనపడేదాకా తియ్యండి, పెయింట్ అంచు మెట్టులా లేకుండా ఏటవాలుగా అరగదియ్యండి, వేలు పెడితే అంచు తగలకూడదు.

ఇక ప్రైమర్ ముందా పుట్టీ ముందా అనే గొడవ. రెండూ కరెక్టే, ఏ ప్రైమర్ అన్నదే విషయం. 80 తో గీరిన ఉత్త ఇనుము మీద పాలియెస్టర్ పుట్టీ బాగా పట్టుద్ది. రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేసి, అది గట్టిపడ్డాక గీరి దాని మీద పుట్టీ పెట్టినా మంచిదే, తుప్పు పరంగా అదే ఇంకా సేఫ్. పెట్టకూడనిది మాత్రం యాసిడ్ ఉండే ఎచ్ ప్రైమర్ మీద, మామూలు స్ప్రే క్యాన్ ప్రైమర్ మీద. వాటిమీద పుట్టీ సరిగా పట్టదు, క్యాన్ ప్రైమర్ అయితే పుట్టీలో ఉండే స్టైరీన్ కి మెత్తబడి అడుగు నుంచే వదిలేస్తది. మీ దగ్గర గన్ లేదు కాబట్టి డోర్ వరకూ ఇనుము మీదే పెట్టేయండి.

పుట్టీ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ పుట్టీ బరువులో 2 శాతం, అంటే 100 గ్రాముల పుట్టీకి 2 గ్రాములు. త్వరగా ఆరుద్దని ఎక్కువ వేస్తే అందులోని పెరాక్సైడ్ మిగిలిపోయి తర్వాత కలర్ లోకి మచ్చలా ఎక్కుద్ది, తక్కువైతే జిగటగా ఉండిపోయి పేపర్ ని బంక పట్టిస్తది. కలిపేటప్పుడు గిరగిరా తిప్పొద్దు, గాలి బుడగలు చేరి రుద్దాక సూది రంధ్రాలు బయటపడతాయి, బ్లేడ్ తో నొక్కి మడుస్తూ ఒకే రంగు వచ్చేదాకా కలపండి. చేతిలో ఉండేది 3 నుంచి 5 నిమిషాలే, కాబట్టి కొంచెం కొంచెం కలుపుకోండి. మొదటి పొర పల్చగా, గట్టిగా నొక్కి రాయండి, దాని మీద రెండోది.

అరిగించేటప్పుడు పేపర్ ని వేళ్ళతో పట్టుకోవద్దు, చెక్క బ్లాక్ కి చుట్టి పట్టుకోండి, వేళ్ళతో రుద్దితే వేళ్ళ గాడులే పడతాయి. 80 తో షేప్, తర్వాత 180, చివర 320. కళ్ళతో చూస్తే తెలీదు, పల్చటి బట్ట మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తడుముతూ వెళ్తే ఎత్తుపల్లం తెలుస్తది. ఇంకా డౌటుంటే ఏదైనా నల్ల స్ప్రేని దూరం నుంచి తుంపరలా చల్లి బ్లాక్ తో ఒకసారి రుద్దండి, నలుపు ఎక్కడ మిగిలిందో అక్కడ పల్లం ఉన్నట్టు.

బ్లాక్_మాస్టర్:
పైన చెప్పిందంతా ఓకే గానీ పుట్టీని వాటర్ పేపర్ తో రుద్దితే తప్పేంటి, చాలామంది నీళ్ళు పోసే రుద్దుతారుగా, దుమ్ము లేవదు, పేపర్ కూడా ఎక్కువ సేపు వస్తది.

పుట్టీ_బ్లేడ్:
@బ్లాక్_మాస్టర్ చాలామంది చేస్తారు, నిజమే, అలా చేసిన పనుల్లో కొన్నిటికి ఏడాది తిరక్కుండా బుడగలు రావడం కూడా నిజమే. పాలియెస్టర్ పుట్టీలో సగం దాకా టాల్క్ లాంటి పొడే ఉంటది, గట్టిపడ్డాక కూడా నీళ్ళు పీల్చుకుంటది. పైకి ఆరినట్టే ఉంటది, ప్రైమర్ వేసి మూసేశాక లోపలి తడి ఎటూ పోలేక ఎండకి ఉబ్బుద్ది, కింద ఇనుము ఉంటే తుప్పు మొదలవుద్ది. పుట్టీ వరకూ పొడి రుద్దుడే, మాస్క్ పెట్టుకుంటే దుమ్ము సమస్య కాదు. ప్రైమర్ పడి పూర్తిగా ఆరాక నీళ్ళు వాడుకోండి, అక్కడ కూడా కింద పుట్టీ తేలిందంటే ఆపెయ్యండి.

తుప్పు_వేటగాడు:
మీ మూడింట్లో నేనైతే ముందు వీల్ ఆర్చ్ మొదలుపెడతా. డోర్ సొట్ట వచ్చే ఏడాదికి కూడా అలాగే ఉంటది, తుప్పు అలా ఆగి ఉండదు, అది పాకుతుంది.

తుప్పు మీద పుట్టీ అనే ఆలోచన మాత్రం మానుకోండి. పుట్టీ తేమని పట్టి ఉంచుతది, లోపల తుప్పు తన పని తను చేసుకుంటూ పోతది, కొన్నాళ్ళకి పుట్టీ మొత్తం పెచ్చులా ఊడి చేతికొస్తది, అప్పుడు చూస్తే చిన్న బుడగ ఉన్నచోట బొక్క ఉంటది. ముందు ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ ఉబ్బిన చోట, దాని చుట్టూ కొంచెం గట్టిగానే పొడిచి చూడండి. దిగిపోయిందంటే అది మీ పని కాదు, ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చెయ్యాలి, ఆ ఒక్కటీ తెలిసినవాళ్ళకి ఇవ్వండి. ఫైబర్ గ్లాస్ మ్యాట్ అతికించేవాళ్ళు ఉన్నారు, అది తాత్కాలికమే.

గట్టిగా ఉంటే అదృష్టం. వీల్ ఆర్చ్ అంచు లోపలివైపు మడిచి ఉంటది కదా, ఆ మడతలో మట్టి చేరి తడి నిలబడి అక్కడి నుంచే మొదలవుతది చాలాసార్లు, అందుకే చక్రం తీసి లోపలివైపు కూడా గీకి కడగండి, బయట ఒక్కటే చేస్తే సగం పనే. బుడగ చుట్టూ మంచి పెయింట్ కింద కూడా తుప్పు వేళ్ళు తన్ని ఉంటది, కాబట్టి మెరిసే ఇనుము అన్నివైపులా వచ్చేదాకా వైర్ బ్రష్, 80 పేపర్ తో వెనక్కి వెళ్తూనే ఉండాలి. చివర్లో సన్నటి గుంటల్లో నల్ల చుక్కలు మిగుల్తాయి, పేపర్ అక్కడికి దిగదు, వాటికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉండే రస్ట్ ట్రీట్మెంట్ రాయండి. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. దాన్ని కడిగెయ్యాలా వదిలెయ్యాలా అనేది ఒక్కో దానికి ఒక్కోలా ఉంటది, డబ్బా మీద ఏం రాసుందో అదే చెయ్యండి, యాసిడ్ మిగిలిపోతే పైన వేసే ఎపాక్సీ పట్టదు.

ఇనుము బయటపెట్టి రేపు చూద్దాంలే అని వదిలెయ్యకండి, తేమ ఉన్న గాలికి రాత్రికి రాత్రే ఎర్రటి పొర వస్తది. అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. గన్ లేకపోయినా ఎపాక్సీని బ్రష్ తో వేసుకోవచ్చు, ఆరాక రుద్ది లెవెల్ చేసుకుంటే సరిపోద్ది. గుంటలు నింపడానికి పుట్టీ కావాలంటే ఆ ఎపాక్సీ మీద. పనంతా అయ్యాక మడత లోపలికి క్యావిటీ వ్యాక్స్ (తడి చేరకుండా లోపలి సందుల్లో కొట్టే వ్యాక్స్) కొట్టండి, కలర్ వేసేముందు మాత్రం వద్దు, అది కొంచెం అంటుకున్నా పెయింట్ నిలవదు.

సిల్వర్_చిక్కులు:
కలర్ గురించి నేను చెప్తా. తెలుపో ఎరుపో సాలిడ్ కలర్ అయితే ఈజీ అనేవాణ్ణి, మీకు దొరికింది సిల్వర్, అందులో అల్యూమినియం రేణువులుంటాయి, అవి పడుకున్న తీరుని బట్టి లైట్ గా, డార్క్ గా కనపడతాయి. దగ్గరగా తడిగా కొడితే ఒకలా, దూరంగా పొడిగా కొడితే ఒకలా. కోడ్ కరెక్టే అయినా మచ్చ తేలుతుంది, పైగా మీ కారు కలర్ ఇన్నేళ్ళ ఎండకి మారి ఉంటది, ఒకే కోడ్ లో వేరియంట్లు కూడా ఉంటాయి. అందుకని డైరెక్ట్ గా డోర్ మీద కొట్టకుండా ముందు ఒక అట్టముక్క మీద ప్రైమర్, కలర్, క్లియర్ మూడూ వేసి, ఆరాక పగటి వెలుతుర్లో డోర్ పక్కన పెట్టి నిలబడి ఒకసారి, వంగి ఒకసారి చూడండి. క్లియర్ లేకుండా మ్యాచ్ చూసి లాభం లేదు.

"ఆ ముక్క వరకూ" అన్నారే, అదే వద్దు. డోర్ మధ్యలో టేప్ వేసి చతురస్రంలా కొడితే ఆ గీత జన్మకి పోదు. పుట్టీ ఉన్న చోట ప్రైమర్ వెయ్యండి, హై బిల్డ్ (మందంగా పడే) ప్రైమర్ రెండు మూడు కోట్లు, 400 తో తర్వాత 600 తో రుద్దండి. మిగతా డోర్ మొత్తం 1000 పేపర్ తోనో గ్రే స్కఫ్ ప్యాడ్ (రుద్దే పీచు ప్యాడ్) తోనో మెరుపు పోయేదాకా లైట్ గా తియ్యండి, హ్యాండిల్ చుట్టూ, అంచుల దగ్గర మర్చిపోకుండా, మెరుపు మిగిలిన చోట క్లియర్ పొరలా లేచిపోతుంది. కలర్ ప్రైమర్ మీద వేసి ఒక్కో కోటుకీ కొంచెం కొంచెం బయటికి వెళ్తూ పాత కలర్ లోకి కలిపెయ్యండి. క్లియర్ మాత్రం డోర్ మొత్తానికి, అంచు నుంచి అంచుకి. క్లియర్ ని మధ్యలో ఆపితే ఆ అంచు కొన్నాళ్ళకి లేస్తుంది.

క్యాన్ లోపల గోళీ శబ్దం మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి, మెటాలిక్ కి ఇది మరీ ముఖ్యం, రేణువులు అడుగున కూర్చుంటాయి. 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం, బటన్ ని ప్యానెల్ బయట నొక్కి లోపలికి వచ్చి అవతలి బయట వదలాలి, ప్రతి వరస ముందు వరస మీద సగం పడాలి, చెయ్యి అర్ధచంద్రంలా ఊగకూడదు. మొదటి కోటు ఏదో దుమ్ము పడినట్టు పల్చగా, కింద కనపడుతోందని కంగారు పడొద్దు. కోటుకీ కోటుకీ 10, 15 నిమిషాలు. మెటాలిక్ లో చివర ఒక కోటు ఇంకొంచెం దూరం నుంచి తేలిగ్గా చల్లితే మచ్చలు సర్దుకుంటాయి. గాలిలో తేమ బాగా ఉన్న రోజు, వాన రోజు పెట్టుకోకండి, తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతుంది, 20 డిగ్రీల పైన పొడిగా ఉన్న రోజు చూసుకోండి. కారినా సరే తుడవొద్దు, గుడ్డ పెడితే మొత్తం పోతుంది, బాగా ఆరనిచ్చి 1500, 2000 తో బ్లాక్ పెట్టి దించుకోవచ్చు, ఇది క్లియర్ కి మాత్రమే, మెటాలిక్ కలర్ ని రుద్దితే మళ్ళీ కలర్ వెయ్యాల్సిందే. ఇంకోటి, షెడ్ లో టైర్ పాలిష్, సిలికాన్ స్ప్రే లాంటివి వాడే అలవాటుంటే ఆ వారం బంద్ చెయ్యండి, ఒక్క తుంపర పడినా పెయింట్ చేపకళ్ళలా గుండ్రంగా విడిపోతుంది.

ఇక తలుపు మూసుకుని కొట్టుకోవచ్చు అన్నారు, దయచేసి అలా చెయ్యకండి. ఆ ఆవిరి మండుతుంది, లోపల హీటరో మంటో ఉంటే ప్రమాదం. మామూలు 1కె (హార్డెనర్ కలపని) క్యాన్లకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకుని గాలి ఆడేలా చూసుకోండి, దుమ్ము మాస్క్ దీనికి పనికిరాదు. హార్డెనర్ కలిసే 2కె క్లియర్ చాలా గట్టిది, మెరుపూ బాగుంటది, కానీ అందులో ఐసోసయనేట్లు ఉంటాయి, వాసనతో తెలీవు, ఒకసారి ఒంటికి పడకుండా పోతే తర్వాత కొంచెం పీల్చినా ఆస్తమా లాంటిది వచ్చే అవకాశముంది, వాటికి బయటి నుంచి గాలి అందించే మాస్క్ వాడతారు. మొదటిసారి చేసేవాళ్ళు 1కె తో సరిపెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. దాని బలహీనత ఏంటంటే పెట్రోల్ పడితే మెత్తబడుతుంది, కాబట్టి మీ ఫ్యూయల్ మూత ఎడమవైపే ఉంటే ఆ వీల్ ఆర్చ్ పైభాగం గురించి ఒకసారి ఆలోచించుకోండి.

కొత్త_చెయ్యి:
అబ్బో, చాలా థ్యాంక్స్ అండి అందరికీ. స్క్రూడ్రైవర్ తో పొడిచి చూశా, దిగలేదు, బతికిపోయా. బంపర్ గురించి ఎవరూ చెప్పలేదు, దానికి కూడా ఇదే ప్రాసెసా? బంపర్ లోపల పార్కింగ్ సెన్సార్లు ఉన్నాయి.

ప్లాస్టిక్_మనిషి:
బంపర్ వేరే లెక్క. ముందు ఆ గీతలు నిజంగా గీతలేనా, గోడ సున్నమా చూడండి, చాలాసార్లు గోడ రంగే బంపర్ కి అంటుకుని ఉంటది, కాంపౌండ్ తో రుద్దితే సగం అక్కడికక్కడే పోద్ది. మిగిలినవి ప్లాస్టిక్ దాకా దిగుంటే, చాలా బంపర్లు పాలీప్రొపిలీన్ రకం, లోపలివైపు పీపీ అనో దాని పక్కన ఇంకేదో కలిపో అచ్చు ఉంటది, దాని మీద మామూలు ప్రైమర్ నిలవదు. ప్లాస్టిక్ బయటపడిన చోట ముందు అడెషన్ ప్రమోటర్ (ప్లాస్టిక్ కి పెయింట్ పట్టేలా చేసే స్ప్రే) పల్చగా కొట్టి, డబ్బా మీద చెప్పిన టైమ్ లోపు ప్రైమర్ వెయ్యాలి. పుట్టీ కావాలంటే బంపర్ కి వంగే రకం పుట్టీ వేరేగా వస్తది, డోర్ కి వాడింది పెడితే ఎవరైనా ఆనుకున్నా పగుల్తది. బంపర్ లోపలికి నొక్కుకుపోయి ఉంటే మాత్రం మరిగే నీళ్ళు పోసి వెనక నుంచి నెడితే చాలావరకు వచ్చేస్తది, ఇది ప్లాస్టిక్ కి నిజంగా పనిచేసే చిట్కా, చెయ్యి కాల్చుకోకండి.

సెన్సార్ల మొహాలు విప్పి పక్కన పెట్టండి లేదా గట్టిగా మాస్క్ చెయ్యండి, వాటిమీద మందంగా పెయింట్ పడితే తప్పుడు బీప్ లు మొదలవుతాయి. మీ కారుకి బ్లైండ్ స్పాట్ వార్నింగ్ లాంటిది ఉంటే బంపర్ మూలల వెనక రాడార్ ఉండొచ్చు, ఆ ఏరియాలో పుట్టీ పెట్టకూడదు, కోట్ల మీద కోట్లు వెయ్యకూడదు, రాడార్ సరిగా చూడలేదు. పాత కారు అంటున్నారు కాబట్టి ఉండకపోవచ్చు, అయినా మాన్యువల్ లో చూసుకోండి.

ఆర్డర్ అడిగితే బంపర్ మూలే ముందు చెయ్యమంటా నేను, తుప్పు అన్న చెప్పిన వీల్ ఆర్చ్ కి ఈలోపు ఎపాక్సీ వేసి పెట్టుకుంటే తొందరేం లేదు. బంపర్ వేరే మెటీరియల్, పక్కన రేకు కలర్ తో కొంచెం తేడా ఉన్నా ఎవరూ పట్టించుకోరు, కొత్త కార్లకే ఉంటది ఆ తేడా. చెయ్యి తిరగడానికి అంతకంటే మంచి చోటు లేదు.

తుప్పు_వేటగాడు:
@ప్లాస్టిక్_మనిషి ఎపాక్సీ పడితే ఒప్పుకుంటా. కానీ నెలల తరబడి వదిలెయ్యొద్దు, ఎండకి ఎపాక్సీ పొడిపొడిగా అయిపోతది.

కొత్త_చెయ్యి:
సరే, ఈ వారం ఆర్చ్ కి ఎపాక్సీ, తర్వాత బంపర్, ఆఖర్న డోర్. ఒక్క చివరి డౌట్, అంతా అయ్యాక టేప్ ఎప్పుడు తియ్యాలి, కార్ ఎప్పుడు కడగొచ్చు, వ్యాక్స్ పెట్టాలా?

సిల్వర్_చిక్కులు:
టేప్ ని క్లియర్ ముట్టుకుంటే అంటుకోని స్టేజ్ కి రాగానే తీసెయ్యండి, పూర్తిగా గట్టిపడ్డాక లాగితే అంచు పెచ్చులా వస్తుంది. పెయింట్ నుంచి దూరంగా, వెనక్కి మడుస్తూ మెల్లగా. ఒక వారం కడగడం, పాలిష్ రెండూ వద్దు, ఈలోపు పక్షి రెట్ట పడితే మాత్రం ఉత్త నీళ్ళతో వెంటనే తడిపి తీసెయ్యండి, రుద్దొద్దు. ప్రెషర్ వాషర్ ని ఆ డోర్ అంచుల దగ్గర పెట్టకండి. వ్యాక్స్ కి కనీసం ఒక నెల ఆగండి, లోపలి సాల్వెంట్ ఇంకా బయటికి వస్తూ ఉంటుంది.